అడవిలో ఛాయాగ్రహణము

కడప జిల్లాలో పెన్నానది కొండల నడుమ నుండి ప్రవహించుచు సిద్ధవటము కోట ప్రక్కగా సాగిపోవుచున్నది. ఆ ప్రాంతమున లంకమల కొండలు, పాలకొండలు బారులు తీరి నిలిచియున్నవి. కొండల పాదములయందలి గులకనేలలో ముండ్లపొదలు విడివిడిగా పెరిగియుండును. పొదకును పొదకును నడుమ కాలిబాటల వంటి ఖాళీలు కానవచ్చును. దూరము నుండి చూచువానికి అది పనికిమాలిన బీడుగా తోచును. కాని ప్రపంచమున అత్యంతము అరుదైన పక్షులలో ఒకటి ఆ బీడునే తన యిల్లుగా చేసికొన్నది. దాని పేరు కలివికోడి. కలివిపొదల నడుమ తిరుగాడుటచే దానికి ఆ పేరు వచ్చినది. ఆంగ్లమున దానిని జెర్డన్స్ కోర్సర్ అందురు.

ఈస్టిండియా కంపెనీ కొలువున వైద్యుడుగా నుండిన జెర్డన్ అనునతడు ఈ పక్షిని తొలుత శాస్త్రజ్ఞుల దృష్టికి తెచ్చెను. 1848లో బ్లైత్ అను పండితుడు దానికి శాస్త్రీయ నామము నొసగెను. 1900లో అనంతపురము సమీపమున ఒకమారు కనబడిన పిమ్మట అది శాస్త్రజ్ఞుల కంటికి మరల కానరాలేదు. ఎనుబదియైదు సంవత్సరములు గడచినవి. ఆ జాతి నశించినదనియే పలువురు తలచిరి. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు మాత్రము ఆశ విడువక కడప ప్రాంతమున వెదకింపసాగిరి. ఆ సంఘమునకు చెందిన భరత్ భూషణ్ గ్రామములకు పోయి, అడవి నెఱిగిన వారిని విచారించెను. తుదకు 1986 జనవరి మాసమున ఒక రాత్రి సిద్ధవటము దగ్గర రెడ్డిపల్లి చెంతనున్న అడవిలో ఐతన్న అను స్థానికుడు దీపపు వెలుగున ఒక కలివికోడిని చూచి, పట్టుకొని తెచ్చెను.

శాస్త్రలోకమునకు అది పండుగ దినము. కాని ఆ పక్షి చెరలో బహుదినములు బ్రదుకలేదు. దాని దేహము నేటికిని బొంబాయిలో ఆ సంఘమువారి సంగ్రహమున నున్నది. ఇందులో ఎవ్వరి దోషమును లేదు. ఐతన్న చూపు, చేతి నేర్పు లేకున్నచో ఆ జాతి యున్నదన్న మాటయే తెలియకపోయెడిది. అయినను ఒక ప్రశ్న మిగిలెను. ఒక జాతి బ్రదికియున్నదని నిరూపించుటకు దానిలో ఒక ప్రాణి చెల్లిపోవలసినదేనా? పట్టకుండ, బెదరింపకుండ, దాని యునికికి సాక్ష్యము సంపాదించు మార్గము లేదా?

ఆ మార్గము కెమెరాయే. కాని కెమెరా చేత నున్నంత మాత్రమున పని సిద్ధింపదు. ఏ నేలకు ఏ పరికరము తగునో, దానిని ఏ విధముగా వాడవలెనో తెలియవలెను. తెలియనివాని చేతిలో కెమెరా సైతము తుపాకివలె ప్రాణులకు కీడు చేయగలదు.

పూర్వము అరణ్యయాత్ర యనిన వేటయే. సఫారి అను మాటకు తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీ భాషలో ప్రయాణమని అర్థము. అట్టి ప్రయాణములకు బయలుదేరిన దొరలు, జమీందారులు తుపాకులతో పోయి తోళ్లతోను కొమ్ములతోను మరలివచ్చెడివారు. తుపాకికి మారుగా కెమెరాను పట్టిన తొలివారిలో అమెరికా దేశస్థుడైన జార్జి షైరాస్ ఒకడు. అతడు రాత్రివేళ పడవలో కూర్చుండి, ఒడ్డుకు వచ్చు జింకలను మెఱుపుదీపపు వెలుగున చిత్రించెను. జంతువు తాకగానే తనంతట తానే పనిచేయునట్లు కెమెరాకు త్రాడు కట్టు ఉపాయమును కూడ అతడు పన్నెను. 1906లో నేషనల్ జాగ్రఫిక్ పత్రిక అతని చిత్రములను డెబ్బదినాలుగింటిని ప్రకటించెను. మన దేశమున ఎఫ్. డబ్ల్యు. చాంపియన్ అను అటవీ అధికారి హిమాలయ పాదములయందలి అడవులలో పులి నడచు దారికి అడ్డముగా సన్నని తీగ కట్టి, దాని కాలు తగిలినంతనే చిత్రము పడునట్లు చేసెను. అతని పులి చిత్రములు 1927లో గ్రంథరూపమున వెలువడినవి. స్వేచ్ఛగా తిరుగు పులి ముఖమును ప్రజలు ప్రశాంతముగా చూడగలిగినది అట్టి చిత్రముల వలననే.

నేడు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించుచున్నది. అభయారణ్యమున ఛాయాచిత్రములు తీయుటకు సైతము అటవీశాఖ అనుమతి అవసరము. కావున కెమెరాతో అడవికి పోవువాడు మొదట చేయవలసిన పని అనుమతి పొందుట. రెండవది, తాను పోవు నేలను గూర్చి తెలిసికొనుట. దూరము, వెలుతురు, ప్రాణి యొక్క చలనము అను మూడింటిని బట్టి పరికరమును ఎన్నుకొనవలెను. రాయలసీమలోని మూడు చోటులను చూచినచో ఈ విషయము స్పష్టమగును.

మొదటిది రోళ్లపాడు. ఇది పూర్వపు కర్నూలు జిల్లాలోని గడ్డిమైదానము. 2022లో జిల్లాలు విభజింపబడినప్పుడు నంద్యాల జిల్లాలో చేరినది. బట్టమేక పక్షిని కాపాడుటకై 1988లో దీనిని అభయారణ్యముగా ప్రకటించిరి. ఎగురగల పక్షులలో మిక్కిలి బరువైన వానిలో బట్టమేక ఒకటి. నేడు అది అచ్చట కనబడుట మిక్కిలి అరుదు. కృష్ణజింకలు మాత్రము మందలుగా తిరుగుచుండును. ఆ మైదానమున చెట్టుచాటు లేదు. మనుష్యుడు ఎంత దూరమున నున్నను జింక చూడగలదు. అందుచే దూరము నుండియే చిత్రము తీయవలసి వచ్చును.

దూరపు వస్తువును పెద్దదిగా చూపుశక్తి లెన్సు యొక్క నాభ్యంతరముపై ఆధారపడును. లెక్క సులభమైనది. వస్తువు ఎత్తును దాని దూరముచే భాగించి, నాభ్యంతరముచే గుణించినచో, కెమెరాలోని సెన్సారుపై పడు ప్రతిబింబపు ఎత్తు తెలియును. కృష్ణజింక భుజము వద్ద సుమారు 80 సెంటీమీటర్ల ఎత్తుండును. అది 100 మీటర్ల దూరమున నిలిచియున్నదనుకొందము. 50 మిల్లీమీటర్ల నాభ్యంతరము గల సాధారణ లెన్సుతో చూచినచో దాని ప్రతిబింబము 0.4 మిల్లీమీటరు మాత్రమే. 24 మిల్లీమీటర్ల ఎత్తు గల సెన్సారుపై అది ఒక చుక్క. 400 మిల్లీమీటర్ల లెన్సు వాడినచో ప్రతిబింబము 3.2 మిల్లీమీటర్లగును. జింక తనంతట తానే మేయుచు 50 మీటర్ల దగ్గరకు వచ్చినచో 6.4 మిల్లీమీటర్లగును. ఓర్పుతో కదలక కూర్చుండుటయు పెద్ద లెన్సు కొనుటతో సమానమైన ఫలమునే యిచ్చునని ఈ లెక్క చెప్పుచున్నది.

అయితే పెద్ద లెన్సునకు చిక్కులును కలవు. అది జంతువును ఎన్ని రెట్లు పెద్దదిగా చూపునో చేతి వణకును అన్ని రెట్లు పెద్దదిగా చూపును. నాభ్యంతరము 400 అయినచో కెమెరా తెర తెరచియుండు కాలము సెకనులో 400వ వంతుకు మించరాదని ఛాయాగ్రాహకులు ఒక నియమమును పాటింతురు. గంతులు వేయు జింకకు, ఎగురు పక్షికి అదియు చాలదు. సెకనులో 2000వ వంతు కావలసివచ్చును. వణకును సరిదిద్దు ఏర్పాటు నేటి లెన్సులలో కలదు. కాని అది పట్టినవాని చేతిని నిలుపునే గాని పరుగెత్తు జింకను నిలుపదు.

మైదానమున మఱియొక చిక్కు ఎండ. పొద్దెక్కిన కొలది నేల వేడెక్కి, దానిపైనున్న గాలి పొరలు వేర్వేరు సాంద్రతలు కలవియగును. వాని గుండ వచ్చు కాంతి వంకరలు పోవును. ఎండమావులు పుట్టుట ఇందువలననే. అట్టి వేళ ఎంతటి విలువైన లెన్సుతో తీసినను చిత్రము నీటిలోని నీడవలె చెదరును. చాలమంది లెన్సును నిందింతురు గాని తప్పు లెన్సుది కాదు, వేళది. వేసవిలో రోళ్లపాడు వంటి చోట ఉదయమున పొద్దు పొడిచిన తరువాతి రెండు గంటలును, సాయంకాలము పొద్దు క్రుంకుటకు ముందటి గంటయు మేలైనవి.

కృష్ణజింకలలో మగదాని వీపు నలుపు, కడుపు తెలుపు. కెమెరా వెలుతురును తానే కొలుచునప్పుడు ఎదుటనున్నది నలుపునకు తెలుపునకు నడిమి రంగని యెంచును. నల్లని మేను చట్రమును నిండినచో వెలుతురు చాలలేదని భ్రమించి, ఎక్కువ వెలుతురును లోనికి రానిచ్చును. అప్పుడు నలుపు బూడిదరంగుగా మారును, తెలుపు వెలవెలబోవును. కావున తీయువాడు తన కంటితో చూచి వెలుతురును కొంత తగ్గింపవలెను. యంత్రము కొలుచును, నిర్ణయింపవలసినది మనుష్యుడే.

రెండవ చోటు నల్లమల. కర్నూలు, ప్రకాశము, గుంటూరు ప్రాంతముల మీదుగాను, కృష్ణ కావల మహబూబునగరము, నల్లగొండ వైపునను వ్యాపించిన ఈ అడవిలో నాగార్జునసాగరము, శ్రీశైలము పేరిట పులుల అభయారణ్యము కలదు. నంద్యాల జిల్లాలోని బైర్లూటి, పచ్చర్ల వంటి చోటుల నుండి అటవీశాఖవారు సందర్శకులను జీపులలో అడవిలోనికి తీసికొనిపోవుదురు. ఇచ్చట దూరము చిక్కు కాదు. దుప్పియైనను, కణుజైనను దారి ప్రక్కనే నిలిచియుండవచ్చును. ఇచ్చటి చిక్కు వెలుతురు. చెట్ల నీడలో, తెల్లవారుజామున, మునిమాపున జంతువులు తిరుగును.

లెన్సు ద్వారము ఎంత వెడల్పైనదో ఒక సంఖ్య తెలుపును. నాభ్యంతరమును ద్వారపు వ్యాసముచే భాగింపగా వచ్చునదే ఆ సంఖ్య. 400 మిల్లీమీటర్ల లెన్సునకు ఆ సంఖ్య 4 అయినచో ద్వారపు వ్యాసము 100 మిల్లీమీటర్లు. 5.6 అయినచో సుమారు 71 మిల్లీమీటర్లు. వైశాల్యము లెక్కించినచో రెండవదానిలో సగము వెలుతురే లోనికి పోవునని తేలును. అనగా సంఖ్య చిన్నదైన కొలది వెలుతురు ఎక్కువ. కాని అంత పెద్ద గాజుబిళ్లలు గల లెన్సు బరువులోను ధరలోను ఎక్కువే. దానిని కొనలేనివారు సెన్సారు యొక్క స్పందనశక్తిని పెంచుకొనవచ్చును. 400 అను గుర్తు నుండి 800కు, 1600కు పెంచిన ప్రతిసారి సగము వెలుతురే చాలును. చిత్రమున ఇసుక చల్లినట్లు చుక్కలు కొంత కనబడును. అయినను చెదరిపోయిన నున్నని చిత్రము కంటె చుక్కలున్న స్పష్టమైన చిత్రము మేలు.

జీపులో ముక్కాలిపీట నిలుపుటకు చోటుండదు. అందుకు ఒక సులభమైన సాధనము కలదు. గట్టి గుడ్డతో సంచి కుట్టి, దానిని కొఱ్ఱలతోనో బియ్యముతోనో ముప్పాతిక వంతు నింపి, జీపు అంచుపై పరచి, దానిపై లెన్సును ఆనింపవలెను. గింజలు లెన్సు ఆకారమునకు తగినట్లు సర్దుకొని దానిని కదలనీయవు. దీనికి అయ్యెడు వ్యయము స్వల్పము, చేయు మేలు అధికము. కాని బండి ఇంజను నడచుచున్నంతవరకు దాని అదురు సంచి గుండ కెమెరాకు పాకును. చిత్రము తీయునపుడు ఇంజను ఆపుమని బండి నడుపువానిని ముందుగానే కోరవలెను. ఇంజను ఆగినచో జంతువునకును మనుష్యునకును శాంతి కలుగును.

రాయలసీమ దారులలో ధూళి మిక్కుటము. అడవిదారిలో ముందుబండి లేపిన దుమ్ము వెనుకబండిపై పొరగా కప్పును. అట్టి చోట లెన్సులు మార్చుట కెమెరా నోరు తెరచి దుమ్ము పోయుట వంటిది. సెన్సారుపై పడిన ఒక్క రేణువు ఆనాటి చిత్రములన్నిటియందును మచ్చయై నిలుచును. కావున అవసరమైన లెన్సును బయలుదేరుటకు ముందే తగిలించి, కెమెరాను మెత్తని గుడ్డతో కప్పి ఒడిలో నుంచుకొనవలెను. గాజుపై దుమ్ము పడినచో గుడ్డతో రుద్దరాదు, గీతలు పడును. రబ్బరు బుడ్డితో గాలి నూది, పిమ్మట మెత్తని కుంచెతో తుడువవలెను. ఎండలో నిలిపిన బండిలో కెమెరాను వదలరాదు. అదనపు బ్యాటరీని, చిత్రములు నిలువచేయు కార్డును వెంట నుంచుకొనవలెను. అడవి నడుమ అవి దొరకవు.

ఇంతటి పరికరములు లేనివారు నిరాశ చెందనక్కరలేదు. లెన్సు విడదీయుటకు వీలులేని కెమెరాలలో తక్కువ ధరకే దూరపు వస్తువులను దగ్గరగా చూపునవి కలవు. వానిలోనికి దుమ్ము చొరబడుటయు తక్కువ. అంతకు ముందు అలవరచుకొనవలసినది బైనాక్యులరుతో చూచుట. జంతువు ఏ వేళ ఎచ్చటికి వచ్చును, ఏ చప్పుడునకు తలయెత్తును అను విషయములు కనిపెట్టిన బాలుడు చిన్న కెమెరాతోనే మంచి చిత్రము తీయగలడు. కనిపెట్టనివాని చేతిలో లక్షల విలువగల లెన్సు సైతము వ్యర్థము.

నల్లమలలో సందర్శకుల కెమెరాలు గాక మఱియొక విధమైన కెమెరాలు కలవు. అవి చెట్ల మొదళ్లకు కట్టబడి, రేయింబవళ్లు ఒంటరిగా కాపుండును. వానిని ట్రాపు కెమెరాలు అందురు. ప్రాణి మేని వేడికిని చుట్టునున్న నేల వేడికిని గల భేదమును అందలి గ్రాహకము కనిపెట్టును. వేడిగల మేను కదలుచు ఎదుటికి రాగానే కెమెరా తనంతట తానే చిత్రమును తీసి, తేదీని, వేళను నమోదు చేసికొనును. రాయలసీమ వేసవిలో ఒక చిక్కు కలదు. మధ్యాహ్నము నేల వేడి జంతువు మేని వేడికి సమానమగునప్పుడు గ్రాహకము సరిగా కనిపెట్టలేకపోవచ్చును. సూర్యకిరణములు నేరుగా తగులునట్లును, గాలికి ఊగు గడ్డి ఎదుట నుండునట్లును కెమెరాను కట్టినచో లేని జంతువులకు గూడ చిత్రములు తీయుచుండును. అందుచే నీడపట్టున, ఎదుటనున్న గడ్డిని తొలగించి కట్టుదురు. అడవి దారులు బాగుగ నెఱిగిన చెంచులలో పలువురు అటవీశాఖ కొలువున నుండి పులుల రక్షణకు తోడ్పడుచున్నారు. పులి ఏ దారిన నడచునో తెలియనిచో కెమెరా ఎచ్చట కట్టవలెనో తెలియదు గదా!

పులిని చిత్రించుటకు దారికి రెండు ప్రక్కల రెండు కెమెరాలు కట్టుదురు. మనుష్యుల వ్రేలిముద్రలవలె పులుల చారలు ఒకదానివి మఱియొకదానికి ఉండవు. ఒకే పులికి సైతము ఎడమప్రక్క చారలు కుడిప్రక్క చారలవలె నుండవు. రెండు ప్రక్కలను చిత్రించిననే అది ఏ పులియో నిశ్చయింపవచ్చును. కర్ణాటకలోని నాగరహొళె అడవిలో ఉల్లాస్ కారంత్ అను శాస్త్రజ్ఞుడు 1990 తరువాతి సంవత్సరములలో ఈ పద్ధతిచే పులులను లెక్కించెను.

అడవిలోని పులులన్నియు కెమెరాకు చిక్కవు. మఱి మొత్తము సంఖ్య తెలియుట యెట్లు? చెరువులోని చేపల ఉదాహరణము చూడుడు. ఒకనాడు 20 చేపలను పట్టి గుర్తు పెట్టి విడిచితిమనుకొందము. మరునాడు మరల 20 పట్టగా వానిలో 5 గుర్తుగలవి వచ్చినవి. అనగా పట్టినవానిలో నాలుగవ వంతు గుర్తుగలవి. కావున చెరువులోని చేపలన్నిటిలోను గుర్తుగలవి నాలుగవ వంతే యుండవలెను. గుర్తు పెట్టినవి 20 కనుక మొత్తము చేపలు సుమారు 80. పులుల లెక్కకు వాడు గణితము ఇంతకంటె సూక్ష్మమైనది గాని మూలము ఇదియే. ఇచ్చట గుర్తు పెట్టు పని లేదు, చారలే గుర్తులు. 2018 నాటి అఖిలభారత పులుల గణనలో 26,838 చోటుల కెమెరాలు కట్టగా, అవి మూడు కోట్ల నలుబది లక్షలకు పైగా చిత్రములు తీసినవి. వానిలో పులుల చిత్రములు 76,651. ఇంత పెద్ద పని జరిగినను ఒక్క పులిని పట్టవలసిన యవసరము కలుగలేదు.

మూడవ చోటు లంకమల. కలివికోడి చిన్నపక్షి, పొడవు సుమారు 27 సెంటీమీటర్లు. పగలు పొదలచాటున నుండి రాత్రి సంచరించును. రంగు నేలరంగులో కలిసిపోవును. దానిని వెదకుచు రాత్రివేళ పొదలలో దీపములతో తిరుగుట అడవికి అలజడి, వెదకువానికి ఆయాసము. పెద్ద లెన్సు ఇచ్చట నిరుపయోగము, జీపు సంచారము అసలే పనికిరాదు.

2000 తరువాత పి. జెగనాథన్, ఆయన సహచరులు ఇచ్చట చేసిన పరిశోధన ఆలోచింపదగినది. వారు మొదట వాడిన పరికరము కెమెరా గాదు, మెత్తని మట్టి. పొదల నడుమ సన్నని మట్టిని బద్దలుగా పరచి, నునుపు చేసి, మరునాటి ఉదయమున వచ్చి దానిపై పడిన అడుగుజాడలను పరీక్షించిరి. చితుకపక్షి మొదలగు ఇతర పక్షుల అడుగులకును కలివికోడి అడుగులకును గల భేదమును కొలతలచే గుర్తించిరి. తనంతట తానే పనిచేయు కెమెరాలను కూడ అమర్చిరి. పక్షి దాని ఎదుట నడచినప్పుడు చిత్రము పడెను. ఆ విధముగా అడుగుజాడకు ముఖము దొరకెను. చుట్టుప్రక్కల మనుష్యుడు లేడు, వల లేదు, పంజరము లేదు. పక్షి తన దారిన తాను పోయెను. పిమ్మట దాని కూతను సైతము నమోదు చేసిరి. ఆ కూతను వినిపించి, మారుకూత వచ్చునేమో వినుట ద్వారా ఇతర చోటుల వెదకుట సాధ్యమాయెను.

ఈ సాక్ష్యము అలంకారమునకు మాత్రమే పనికివచ్చునది కాదు. పొదలు మఱీ దట్టముగా నున్నచోటను, మఱీ పలుచబడినచోటను గాక, నడిమి రకపు చిట్టడవియందే కలివికోడి నివసించునని దాని వలన తేలెను. కట్టెలకై పొదలను పూర్తిగా కొట్టివేసినను, నేలను దున్నివేసినను దానికి నిలువ నీడ యుండదు. 1988లో లంకమల ప్రాంతము శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యముగా ప్రకటింపబడెను. పిదప తెలుగుగంగ కాలువ ఆ పక్షి తిరుగు చిట్టడవి మీదుగా పోవలసివచ్చినప్పుడు, 2005 తరువాత దాని మార్గమును మార్చిరి. పైరులకు నీరు కావలెను, పక్షికి ఇల్లు కావలెను. రెంటిని తూచి చూచుటకు పక్షి ఎచ్చట నున్నదో ముందు తెలియవలెను. అట్లు తెలుపునవి అడుగుజాడలు, చిత్రములు, కూతలు. ఇటీవలి సంవత్సరములలో కలివికోడి జాడ తెలియుటయే మిక్కిలి అరుదైనది. కావున దానిని గూర్చిన ప్రతి సాక్ష్యమును నేడు అమూల్యము.

ఈ మూడు చోటుల వలన తెలియు నీతి యొకటే. చిత్రము కంటె ప్రాణి ముఖ్యము. జింక మేత మాని తలయెత్తి చెవులు నిక్కించినచో ఛాయాగ్రాహకుడు హద్దు దాటెనని అర్థము. అప్పుడు ముందునకు పోక నిలువవలెను, అవసరమైనచో వెనుకకు మరలవలెను. గూటిలోని పక్షిని ఎన్నడును చిత్రింపబోరాదు. బట్టమేక ఒక ఈతకు సాధారణముగా ఒక్క గ్రుడ్డే పెట్టును. తల్లి బెదరి లేచినచో ఆ గ్రుడ్డు ఎండకు చెడవచ్చును, లేదా కాకి పాలగును. ఒక్క చిత్రమునకై ఆ యేటి సంతానమంతయు నశించును. పరిశోధకుడు అనుమతితో, కొలతతో వినిపించు కూతను వేడుకకై మాటిమాటికి వినిపించుట మోసము వంటిది. పక్షి తన మేతను, గూటిని విడిచి, లేని శత్రువుకై వెదకును. రాత్రిప్రాణుల కండ్లపై ప్రకాశవంతమైన దీపములను నిలుపుటయు తగదు.

చిత్రము తీసిన పిమ్మట కూడ బాధ్యత తీరదు. తేదీ, వేళ, ప్రాణి చేయుచుండిన పని పుస్తకమున వ్రాసికొనవలెను. అట్టి వివరములు లేని చిత్రము గోడకు అలంకారమగును గాని శాస్త్రమునకు ఉపయోగపడదు. నేటి కెమెరాలలోను ఫోనులలోను చిత్రముతోపాటు అది తీసిన చోటు కూడ నమోదగుచుండును. అరుదైన ప్రాణి చిత్రమును పదుగురికి పంపునపుడు ఆ గుర్తును తొలగింపవలెను. దానిని చూచి దొంగవేటగాడు బయలుదేరవచ్చును. చూడవచ్చిన జనసమూహమే ఆ ప్రాణికి ఉపద్రవము కావచ్చును. చోటును తెలుపదగినవారు అటవీశాఖవారు, శాస్త్రజ్ఞులు మాత్రమే.

1986లో రెడ్డిపల్లి అడవిలో దీపము పట్టిన ఐతన్నకు ఆ ప్రాణి గుట్టు తెలియును, చేత కెమెరా లేదు. నేడు కెమెరాలు పలువురి చేతులలో నున్నవి, గుట్టు తెలిసినవారు కొందఱే. ఈ రెండును ఒక్కచోట చేరినప్పుడు లంకమల చిట్టడవి వంటి చోటులు బ్రదుకగలవు. రాయలసీమ బాలబాలికలు తమ ఊరి బీడులలో, చెరువుగట్లపై ఏ ప్రాణి తిరుగుచున్నదో చూచుట నేర్చుకొన్నచో ఆ పని అప్పుడే మొదలైనట్లు. అందుకు కావలసినది పెద్ద లెన్సు కాదు. తెల్లవారుజామున లేచుట, కదలక కూర్చుండుట, చూచినదానిని ఉన్నదున్నట్లు వ్రాసికొనుట. కెమెరా ఆ తరువాత రావచ్చును.